సంతకము చేసిన ఎనమండుగురికి బహిరంగ లేఖ

మా పట్టణ గ్రంథాలయ సంఘ కార్యవర్గమందలి గౌరవ సభ్యులైన మహాశయులకు,



ఈ సంవత్సరము సర్వసభ్య సమావేశము జరుపవలసిన అగత్యము లేదనియు, ప్రస్తుత కార్యవర్గపు పదవీకాలమును మరి రెండు సంవత్సరములు పొడిగించుట సంస్థాభివృద్ధికి ఆవశ్యకమనియు, గ్రంథాలయమునకు ముందు రోడ్డువైపునున్న ఖాళీ స్థలమును వాణిజ్య సముదాయ నిర్మాణము నిమిత్తము 33 సంవత్సరములకు లీజునకిచ్చుట లాభకరమనియు, గత మాసమున ఒకే సాయంకాలము, కాఫీలు చల్లారక మునుపే, మీరు మూడు తీర్మానములు చేసితిరి. మూడింటి క్రిందను "ఏకగ్రీవముగా ఆమోదింపబడినది" అని యున్నది. ఆ వాక్యము క్రింద 11 సంతకములున్నవి. లీజు పుచ్చుకొనుచున్న వ్యాపార సంస్థలో మన కోశాధికారిగారి బావమరిది భాగస్వామి యన్న సంగతి బజారులో ఎల్లరకును తెలియును. తీర్మానములో మాత్రము దానిని గూర్చి ఒక్క అక్షరమైనను లేదు. టెండరు పిలిచిన జాడ లేదు. అద్దె ఏ లెక్కపై నిర్ణయమైనదో చెప్పిన పంక్తి లేదు.

అధ్యక్షులకు గాని, కార్యదర్శికి గాని, కోశాధికారికి గాని నేనీ లేఖ వ్రాయుట లేదు. తామేమి చేయుచున్నదియు ఎరిగియే చేసినవారికి బహిరంగ లేఖలవలన కలుగు ప్రయోజనము స్వల్పము. మిగిలిన ఎనమండుగురు మీరు. విశ్రాంత ఉపాధ్యాయులు, వైద్యులు, వర్తకులు, ఒక న్యాయవాది, పట్టణములో నలుగురు లేచి నిలిచి నమస్కరించు పెద్దలు. మీ పేర్లు ఆహ్వానపత్రికపై అచ్చుపడినందుననే ఈ సంఘమునకు చందాలు వచ్చినవి. మీరున్నారు గదా యన్న భరోసాతోనే మాబోటి సభ్యులు ఇన్నాళ్లు నిశ్చింతగా నిద్రించిరి. ఆ మూడు తీర్మానములను మీరు వ్రాయలేదని నాకు తెలియును. చదివితిరా యన్నదియే నా సందేహము.

మీలో పెద్దవారొకరిని నేను స్వయముగా కలిసికొని యడిగితిని. వారు కోపపడలేదు; నొచ్చుకొనిరి. "మేము జీతము పుచ్చుకొనుట లేదు గదా, ఇంటిపనులు మానుకొని వచ్చి కూర్చుండుచున్నాము, రానుపోను ఆటో చార్జీ కూడ సంఘముపై వేయలేదు, ఇంకను మమ్మనుమానింతురా?" అని వారి సమాధానము. లీజుకంటెను, పదవీకాలపు పొడిగింపుకంటెను నన్నధికముగా కలవరపరచినది ఈ మాట. లీజును రద్దు చేయవచ్చును. పొడిగించిన కాలమును తగ్గింపవచ్చును. సేవ ఉచితమైనపుడు లెక్క అడుగుట అమర్యాద యన్న భావము మాత్రము ఒక్క మన సంఘమునకే పరిమితము కాక, పాఠశాలా సంఘములు, అనాథ శరణాలయములు, వృద్ధాశ్రమములు, కళాపరిషత్తులు, కులసంఘముల విద్యార్థి వసతిగృహములు మొదలగు సకల సేవాసంస్థలలోను వేరూరి, సజ్జనులచేతనే పోషింపబడుచున్నది. దుర్జనులు పోషించిన భావమును పెరికివేయుట సులభము. మీవంటివారు పోషించినదానిని ఎవరు పెరికివేయగలరు?

జీతము పుచ్చుకొను గుమాస్తా తప్పు చేసినచో మీరు సంజాయిషీ అడుగుదురు. అది తృప్తికరముగా లేనిచో తొలగింతురు. గుమాస్తాపై మీరున్నారు, మీపై నెవరున్నారు? సంవత్సరమునకొకమారు సమావేశమగు సభ్యులు తప్ప మిమ్ము ప్రశ్నించు అధికారము సంఘములో మరెవ్వరికిని లేదు. ఆ యొక్క సమావేశము కూడ అనవసరమని మీరే త్రోసివేసినచో, ఈ సంస్థలో ఎవ్వరికిని జవాబు చెప్పనక్కరలేనివారు మీరు 11 మంది మాత్రమే యగుదురు. జీతము లేని పదవిని లోకము గౌరవించుటకు కారణము అందు స్వలాభమునకు తావుండదన్న నమ్మకము. ఆ నమ్మకమునకాధారమును చూపుమనిన సభ్యుని కృతఘ్నునిగా భావించుట న్యాయమా?

ఇంతకును ఈ గ్రంథాలయము ఎవరిది? మీది కాదు, సభ్యులమైన మాది కూడ కాదు. కోస్తా జిల్లాలలో 2001 వరకు అమలులోనుండిన 1860 నాటి సొసైటీల నమోదు చట్టమును చేసినది పరప్రభుత్వమే యైనను, ఆ ప్రభుత్వమునకు కూడ ఈ సూక్ష్మము తోచినది: సంఘము రద్దగునపుడు అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిలో ఏ సభ్యుడును తన వాటాగా దమ్మిడీయైనను పుచ్చుకొనరాదు, అది మరియొక సంఘమునకు చెందవలెను. అట్టి రద్దునకు సభ్యులలో అయిదింట మూడువంతుల సమ్మతి కావలసియుండెను. సంఘోద్దేశమును మార్చదలచినచో ప్రతిపాదనను సభ్యులకు ముందుగా వ్రాతమూలకముగా పంపి, ప్రత్యేక సమావేశము జరిపి, అందు అయిదింట మూడువంతుల మందిచే ఆమోదింపజేసి, నెల గడచిన పిమ్మట రెండవ సమావేశములో దానిని ధ్రువపరచుకొనవలసియుండెను. ఒక్క ఉద్దేశవాక్యమును మార్చుటకే ఇంత ఆలోచన, ఇంత విలంబము విధించిన శాసనకర్తల యెదుట, ఒక తరము బ్రదుకంత కాలమునకు స్థలమును పరాధీనము చేయుటకు 11 మందికి ఒక్క సాయంకాలము చాలినదని మీరెట్లు చెప్పుకొందురు?

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1906 లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి ధారపోసినపుడు, ఆ నీరు పడినది కార్యవర్గపు చేతులలోనా, కార్యమునకై చాచిన చేతులలోనా? 1914 లో బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమైన నాటికి, ఊరూర పుస్తకశాలలను నిలిపినవారిలో ఎందరికి పదవులుండెను, ఎందరికి అధికారముండెను? అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఒక జీవితమంతయు ధారపోసిన ఉద్యమమునకు వారసులమని మన సంఘము ప్రతి వార్షికోత్సవమునందును చెప్పుకొనుచున్నది. వారసత్వమును ఉపన్యాసములో చెప్పుకొని, స్థలమును బావమరిదికప్పగించుట ఏ ఉద్యమ సంప్రదాయము?

గాంధీజీ చరిత్రలోని ఒక ఘట్టమును మీకు జ్ఞాపకము చేయదలచితిని. మన హాలులో వారి పటము క్రిందనే మీరు కూర్చుండి సంతకములు చేసితిరి గనుక ఇది అప్రస్తుతము కాదు. 1901 లో నేటాలు విడిచి స్వదేశమునకు బయలుదేరునపుడు అచ్చటి భారతీయులు వారికి బంగారు వెండి వస్తువులను, కస్తూరిబా గారికొక బంగారు హారమును కానుకగా నిచ్చిరి. ప్రజాసేవ చేసినందుకు వచ్చిన వస్తువు సేవకునిది కాదని నిశ్చయించి, రాత్రి నిద్రపట్టక పచార్లు చేసి, ఇల్లాలి కన్నీటిని కూడ త్రోసిపుచ్చి, ఆయన వానినన్నిటిని బ్యాంకులో నుంచి, పారశీ రుస్తుంజీ మొదలగువారిని ధర్మకర్తలుగా నియమించి, ఆ సమాజమునకే చెందునట్లు ట్రస్టు పత్రము వ్రాసినారు. కస్తూరిబా గారి వాదములో పస లేకపోలేదని, ఆమె శ్రమకు కూడ ఆ హారములో కొంత హక్కున్నదని, నాకెప్పుడును తోచుచునే యుండును. ఐనను ఆ దంపతుల తగవులో గెలిచిన సూత్రము మాత్రము మనకు విధిగా నిలిచినది. తమకు స్వయముగా ఇచ్చిన కానుకనే తమది కాదన్న పురుషుని పటము క్రింద, తమకెవ్వరును ఇయ్యని స్థలమును తమవారికి చేర్చుట ఎట్టి సాహసము!

ఆయనయే మరియొక సంగతి గ్రహించిరి. అది మన లీజునకు నేరుగా తగులును. ప్రజాసంస్థకు శాశ్వత నిధి సమకూడినచో, ఆ సంస్థ ప్రజాభిప్రాయమును లక్ష్యపెట్టుట మానివేయునని, ఏటికేడు చందాలతో బ్రదుకవలసిన సంస్థయే ప్రజలయెడ వినయముతో నుండునని ఆయన అనుభవముమీద తేల్చుకొనిరి. నేడు మీకు సభ్యుల చందా కావలెను గనుక సభ్యులు కావలెను. రేపు నెలనెల అద్దె వచ్చిపడుచుండగా సభ్యులెందుకు? సభ్యత్వ దరఖాస్తులను ఏడాదినుండి పెండింగులోనుంచుటకును, సర్వసభ్య సమావేశము అనవసరమగుటకును, లీజు తీర్మానమునకును మధ్య బంధుత్వము నాకొక్కనికే కనుపించుచున్నదా? ఆదాయము పెరిగినకొలది యజమానులు తగ్గిపోవు సంస్థను అభివృద్ధి చెందుచున్న సంస్థ యని యనవచ్చునా?

చందా ఇయ్యని వానికి ఈ విషయములో ప్రమేయమేమని మీలో మరొకరు అనినట్లు వింటిని. ప్రమేయమున్నది. మన సంఘమునకు ఆదాయపు పన్ను మినహాయింపున్నది. దాతకిచ్చు రసీదుపై పన్ను తగ్గింపు గలదని అచ్చువేయుచున్నాము, దానిని చూపి దాతయు తన పన్ను తగ్గించుకొనుచున్నాడు. ఖజానాకు రావలసిన సొమ్ము రాకుండ ఆగినదనిన, ఆ మేరకు మన గ్రంథాలయ ద్వారమును ఎన్నడును త్రొక్కని కూలివాడు కూడ మనకు చందాదారుడే. ఇక ద్వారము త్రొక్కువారి సంగతి. ఉదయము తలుపు తీయకముందే వచ్చి మెట్లపై కూర్చుండు యువకులను మీరెన్నడైనను చూచితిరా? డీఎస్సీకి, గ్రూపు పరీక్షలకు చదువుకొనువారు, చుట్టుప్రక్కల గ్రామములనుండి క్యారియరు కట్టుకొని వచ్చు ఆడపిల్లలు, ఇంటిలో చదువుకొనుటకు చోటులేక మన ఫ్యాను క్రింద చోటు వెదకుకొనువారు. వారు సైకిళ్లు పెట్టుకొనునది, మధ్యాహ్నము అన్నము తినునది మీరు లీజునకిచ్చిన స్థలములోనే. రేపు దుకాణముల వెనుక, ప్రక్కసందులోనుండి, చీకటి వేళ ఆ పిల్లలు రాకపోకలు సాగింపగలరా యని ఆ సాయంకాలము ఎవరైనను ఒక్కరు అడిగిరా? మినిట్సు పుస్తకములో నేను వెదకితిని. లేదు.

పెద్దమనుష్యులున్న చోట తప్పు జరుగదన్నది మన భ్రమ. 2008 డిసెంబరు 16 న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు డైరెక్టర్ల బోర్డు, అధ్యక్షుని కుటుంబమునకు చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనుటకు సమ్మతించినది. ఆ బోర్డులో ప్రపంచఖ్యాతి గడించిన ఆచార్యులున్నారు, కేంద్ర ప్రభుత్వములో ఉన్నతోన్నత పదవి నిర్వహించి విరమించిన అధికారి యున్నారు. వాటాదారులు భగ్గుమన్న పిమ్మట కొద్ది గంటలలోనే ఆ నిర్ణయమును ఉపసంహరించుకొనిరి. సుమారు మూడు వారములకే, 2009 జనవరి 7 న, లెక్కలలో పెద్ద మొత్తములు కల్పితములని అధ్యక్షుడే లేఖ వ్రాసి ఒప్పుకొనెను. లాభము కొరకు నడచు కంపెనీతో మనకు పోలికయేమని మీరనవచ్చును. పోలిక లాభములో లేదు; బల్లచుట్టును కూర్చున్నవారి మర్యాదలో నున్నది. ఎదుటివాడు నొచ్చుకొనునేమో యన్న మొగమాటము ఆ విద్వాంసులను పట్టిన చోటనే మిమ్మును పట్టినది. అచ్చట అడుగుటకు వాటాదారులుండిరి, పత్రికలుండెను, మార్కెటు ఉండెను. ఇచ్చట మీరు తప్ప ఎవరున్నారు?

మౌనము అర్ధాంగీకారమని లోకము చెప్పును గాని, కార్యవర్గపు గదిలో అది పూర్ణాంగీకారమే. అభ్యంతరమున్న సభ్యుడు దానిని మినిట్సులో వ్రాయింపగోరవచ్చును. కార్యదర్శి నిరాకరించినచో లేఖ పంపి నకలు దగ్గరనుంచుకొనవచ్చును. అట్లు చేయనివాడు తరువాత "నాకిష్టము లేదు గాని..." అని పెండ్లి పందిళ్లలో చెప్పుకొని తిరిగినను ఆ తీర్మానములో భాగస్వామియే.

లెక్కల సంగతి కూడ చెప్పక తప్పదు. ఆడిటరు సంతకమున్నది గదా యని మీరందరు ఆ పత్రములను ప్రక్కకు జరుపుట పరిపాటియైనది. ఆడిటరు తనకు చూపిన పుస్తకములు సరిపోయినవో లేదో చెప్పును. స్థలమును అగ్గువకిచ్చుట వివేకమో కాదో చెప్పుట అతని పని కాదు, మీ పని. జమాఖర్చులలో "అడ్వాన్సులు" అను పద్దు క్రింద నున్న మొత్తము మూడేండ్లుగా పైసా తగ్గక అట్లే యున్నది: ఎవరికిచ్చిన అడ్వాన్సు అది, ఎందులకు తిరిగి రాలేదు? కన్నతల్లి స్మృత్యర్థము బాలల పుస్తకముల కొనుగోలుకై ఒక దాత యిచ్చిన నిధి బ్యాంకు డిపాజిట్ల పట్టికలో విడిగా కనబడక, సాధారణ నిధిలో కలిసిపోయినది: ఆమె పేర కొన్న పుస్తకమేది? ఇవి గూఢమైన ప్రశ్నలు కావు, లెక్కల శాస్త్రము చదివినవారే అడుగవలసినవి కావు. మీ ఇంటి పాలవాని పద్దును మీరు ఇంతకంటె జాగ్రత్తగా చూతురు. నిధినిచ్చిన దాత ఏ పనికని యిచ్చెనో ఆ పనికే అది ఖర్చగుచున్నదా యని చూచుట కార్యవర్గ సభ్యుని ధర్మములన్నిటిలోను మొదటిది. వేదికపై శాలువ కప్పించుకొనుట ఆ పట్టికలో ఎక్కడను లేదు.

కోశాధికారిగారి బంధుత్వమును గూర్చి ఒక్క మాట. బంధువుండుట నేరము కాదు; చిన్న పట్టణములో ఎవరికి ఎవరు బంధువులు కారు? దానిని ముందుగా వెల్లడించి, ఆ విషయము చర్చకు వచ్చినపుడు గదినుండి బయటికి నడచి, వెడలిపోయిన సంగతి మినిట్సులో వ్రాయించినచో ఆయన గౌరవము పెరిగియుండెడిది. లాభమే పరమావధియైన కంపెనీల డైరెక్టర్లు కూడ తమ స్వప్రయోజనమున్న ఒప్పందము వచ్చినపుడు దానిని బోర్డునకు తెలుపవలెనని చట్టమున్నదే. సేవయే పరమావధి యని చెప్పుకొనునట్టి మనకు అంతమాత్రపు లజ్జయైనను ఉండవలదా? ఆదాయపు పన్ను చట్టము సేవాసంస్థల నిర్వాహకుల బంధువులను లెక్కించునపుడు భార్య తోబుట్టువులను మరువలేదు. అట్టి బంధువునకు గాని, అతనికి పెద్ద వాటాయున్న వ్యాపారమునకు గాని సంస్థ ఆస్తిని తగిన అద్దె లేకుండ అనుభవింపనిచ్చినచో మినహాయింపునకే ముప్పు రావచ్చును. టెండరు లేనిదే అద్దె తగినదని మీరెట్లు నిరూపింతురు? నిరూపింపలేనినాడు కట్టవలసిన పన్ను ఎవరి జేబులోనుండి వచ్చును? మీలో న్యాయవాదిగారున్నారు, ఇది వారికి నేను చెప్పవలసి వచ్చుట నాకు సంతోషకరము కాదు.

మీ పక్షమున చెప్పదగినది లేకపోలేదు. పైకప్పు కారుచున్నది, పడమటి గదిలోని పాత పత్రికల సంపుటములు చెమ్మకు పాడగుచున్నవి, గ్రంథపాలకునికి ఇచ్చు జీతము సిగ్గుపడదగినది. ధనము కావలెను. ఆ స్థలములో కొంత భాగమును తగిన అద్దెకు, తక్కువ కాలమునకు, బహిరంగ టెండరుపై ఇచ్చుటయే మార్గమని మీరు సభ్యులకు విన్నవించినచో వారు ఒప్పుకొనవచ్చును. నేనే చేయి ఎత్తవచ్చును. ఐతే అడుగలేదేల? సమావేశము పెట్టిన రాజకీయములు ప్రవేశించునని మీ కార్యదర్శిగారు అనుచున్నారట. వందలమంది సభ్యులు చేరిన రాజకీయమగునట. 11 మంది తలుపు మూసికొని తమ పదవీకాలమును తామే పొడిగించుకొన్నది మాత్రము సేవయట!

కావున మహాశయులారా, మీకు నా విన్నపము ఇది. నియమావళి ప్రకారము సర్వసభ్య సమావేశమునకు వెంటనే నోటీసు ఇప్పింపుడు. పదవీకాలపు పొడిగింపును రద్దు చేయింపుడు. లీజు పత్రము రిజిస్టరు కాకముందే దానిని నిలిపి, అందుకు సంబంధించిన కాగితములన్నిటిని, లెక్కలతో సహా, పఠనమందిరములోని బల్లపై సభ్యులు చూచుకొనుటకు పది దినములుంపుడు. మీలో తీరిక లేనివారు, ఆరోగ్యము చాలనివారు, కాగితములు చదువుట విసుగైనవారు ఉన్నచో రాజీనామా యిండు. దానివలన మీ మర్యాదకు లోపము కలుగదు, మీ పేరు మరొకరి పనికి ముసుగు కాకుండ తప్పును. ఉండదలచినవారు రాబోవు కార్యవర్గ సమావేశములో నోరు విప్పుడు.

ఆ 1860 నాటి చట్టమునకు బదులుగా వచ్చిన 2001 నాటి 35వ చట్టములోని 23వ సెక్షను సంఘ వ్యవహారములను గూర్చి వివాదము వచ్చినపుడు జిల్లా న్యాయస్థానమునకు దరఖాస్తు పెట్టుకొను హక్కును ప్రతి సభ్యునకును ఇచ్చినది. కోర్టులో మిమ్ము ప్రతివాదులుగా చూడవలెనన్న కోరిక మాకు లేదు. మీలో కొందరు మాకు చదువు చెప్పినవారు, మరికొందరు మా బిడ్డలకు వైద్యము చేసినవారు. ఐనను ఈ నెలాఖరులోపల సమావేశపు నోటీసు రానిచో దరఖాస్తు దాఖలు చేయుటకు మేము కొందరము సభ్యులము నిశ్చయించుకొంటిమి. కాగితములు సిద్ధమైనవి.

ఇట్లు,
భవదీయుడు,
సంఘ శాశ్వత సభ్యులలో ఒకడు